మచ్చలు తీసిన కోట

నాలుగడుగుల వెడల్పూ మూడడుగుల ఎత్తూ ఉన్న కోటను స్లీపర్ బోగీలో విజయనగరం నుంచి టాటానగర్ దాకా తీసుకెళ్లొచ్చా అని ఎవరైనా అడిగితే, తీసుకెళ్లొచ్చనే చెబుతాను. మోసే మనిషి మాత్రం అరవై ఆరేళ్ల రిటైర్డు డ్రాయింగు మాస్టారు కాకుండా ఉంటే మంచిది. టాటానగర్ స్టేషను ఉన్న జంషెడ్‌పూర్‌లో చూడాల్సిన పార్కులూ చెరువులూ చాలా ఉన్నాయట. నేను వారం రోజులుండి చూసింది ఒక రైల్వే స్టేషను, ఒక ఫ్రేముల కొట్టు, మా అక్క ఇంట్లో ఒక గోడ. వాటి గురించే రాస్తాను.

ముందు కోట సంగతి చెప్పాలి. మాది కళింగపట్నం వైపు సముద్రం ఒడ్డు పల్లె. ఊరి చివర తెల్లవాళ్లు కట్టి వదిలేసిన కోట ఒకటుంది. పరంగి కోట అంటారు మా వాళ్లు. ఇప్పుడందులో సగం గోడా, బోలెడన్ని మేకలూ మిగిలాయి. కోట నిండుగా ఉన్న రోజుల్లో ఎవరో దొర దాన్ని ఫొటో తీసి, అక్కడి ఉప్పు గిడ్డంగికి కాపలా ఉన్న మా నాన్నకి ఒక ప్రతి ఇచ్చాడు. అట్టకి అంటించిన ఫొటో, అద్దం కూడా లేదు. మా ఇంటి గోడకి ఉన్న అలంకారం అదొక్కటే.

ఆ ఫొటోలో కుడివైపు, కోట గుమ్మం పక్కన నీడలో ఆవగింజకన్నా కాస్త పెద్ద నల్లటి ఆకారం ఉంటుంది. అది మా అమ్మ. నాకు రెండేళ్లప్పుడు పోయింది. ఆవిడకి వేరే ఫొటో లేదు. అప్పటికి మా అక్క సన్యాసమ్మకి పదేళ్లు. నన్ను చంకనేసుకుని పెంచింది తనే. నేను రాగం అందుకున్నప్పుడల్లా ఆ ఫొటో దగ్గరికి తీసుకెళ్లి, "అదిగో అమ్మ, బుట్ట పక్కనెట్టుకుని కూకుంది సూడు" అనేది. నేను నోరు మూసేవాణ్ణి. ఆ ఆవగింజలో నేను కొప్పు చూశాను, చెవికమ్మలు చూశాను, ఒక్కోసారి నవ్వు కూడా చూశాను.

అక్క పెళ్లి టాటానగర్ లోకోషెడ్‌లో పనిచేసే బావతో అయింది. వెళ్తూ వెళ్తూ ఆ ఫొటో ఇమ్మని అడిగింది. తొమ్మిదేళ్ల వెధవని, ఫొటో పట్టుకుని అటకెక్కి కూర్చున్నాను. ఎంత బతిమాలినా దిగలేదు. అక్క ఫొటో లేకుండానే బండెక్కింది. ఆ తప్పు నా మెడలో గంటలా యాభై ఏడేళ్లు మోగుతూనే ఉంది.

మొన్న అక్క ఫోను చేసింది. కంట్లో శుక్లం తీశారట.

"కన్ను తెరుసుకుందిరా అప్పారావా! గోడ మీద బల్లి ఏళ్లు కూడా లెక్కెట్టేత్తన్నాను. ఆ కోట ఫొటో అట్టుకొచ్చీ. గోడ కాళీ సేసి ఉంచాను."

కంటి నిండా అమ్మను చూసుకోవాలని ఉంది కాబోలు. ఆవగింజ చూపిస్తే ఏం బాగుంటుంది? బొటనవేలంత అమ్మను చూపించాలని పెద్ద ఆలోచన చేశాను. శ్రీకాకుళంలో ఒక స్టూడియోకి వెళ్లి కాన్వాసు గుడ్డ మీద పెద్దది చేయించాను. స్టూడియో ఆయన కంప్యూటరు ముందు కూర్చుని, "నిండా మచ్చలున్నాయి మాస్టారూ, తీసెయ్యమంటారా?" అని అడిగాడు.

"ఒక్కటి కూడా ఉండకూడదు. అన్నీ తీసెయ్" అన్నాను హోదాగా.

రైలు రోజున సరుకు చేతికొచ్చింది. ఆకాశం అద్దంలా ఉంది, గోడలో ఇటుకలు ఎంచుకోవచ్చు, టేకు ఫ్రేము నిగనిగలాడుతోంది. మురిసిపోయి, బొంతలో చుట్టించి, తాళ్లు కట్టించాను. పాత ఫొటో సొరుగులో భద్రంగా ఉంటుంది, తిరిగొచ్చాక తీసుకోమన్నాడు స్టూడియో ఆయన. ముప్పై అయిదేళ్లు పిల్లల చెవులు మెలేసి "ముందు చూడండర్రా, తర్వాత గియ్యండి" అని పాఠం చెప్పినవాణ్ణి. ఆ రోజు నేను చూసిందల్లా ఫ్రేము.

విజయనగరం

బోగీలోకి కోట నిలువునా దూరలేదు, అడ్డంగా దూరలేదు. ఏటవాలుగా దూరింది, ఒకాయన టిఫిన్ క్యారేజీని వెంటబెట్టుకుని. టికెట్లు చూసే ఆయన వచ్చి, తలుపుకి వేరే టికెట్ తీసుకోవాలన్నాడు. ఇది తలుపు కాదు, కోట అన్నాను. ఆయన నా టికెట్టూ నా మొహమూ రెండేసి సార్లు చూసి, పెద్దవాళ్లతో మనకెందుకన్నట్టు ముందుకెళ్లిపోయాడు. అప్పట్నుంచి బోగీలో నా పేరు కోట మాస్టారు.

ఎదురు సీట్లో కృష్ణవేణి గారని ఒకావిడ కూర్చున్నారు. బొబ్బిలిలో పెళ్లి చూసుకుని పర్సుడీహ్ తిరిగి వెళ్తున్నారు. పర్సుడీహ్ అంటే జంషెడ్‌పూర్‌కి దక్షిణాన బజార్లతో కిటకిటలాడే పేట. అక్కడే పుట్టి పెరిగిన మనిషి కాబట్టి తెలుగులో మొదలుపెట్టి హిందీలో తేలతారు. పక్కన ముంగేర్ వెళ్లే ఒక బీహారీ పెద్దాయన, ఆయన పక్కన రాయగడలో ఎక్కిన ఒక ఒరియా దంపతులు.

రాయగడ దాటాక

కొండలూ సొరంగాలూ మొదలయ్యాక అందరికీ ఆకలి వేసింది. బోగీలోకి ఘుగ్ని వచ్చింది. ఎండు బఠానీలు ఉడికించి, ఉల్లిపాయ చల్లి, ఆకు దొన్నెలో పోసి ఇరవై రూపాయలకి ఇస్తారు. మనం సముద్రం ఒడ్డున శనగలతో చేసుకునే దానికి పెద్దమ్మ కూతురు. అందులో మరమరాలు కలుపుకోవడం ఒరియా ఆవిడ నేర్పింది. మన ఊళ్లో మరమరాలు సాయంత్రం కాలక్షేపానికి, వాళ్లకి అది అన్నంతో సమానం. రెండు దొన్నెలు తిన్నాక నాకు ధారాళంగా మాటలొచ్చాయి. అమ్మ సంగతి, అటక సంగతి, అక్క కంటి ఆపరేషను, మొత్తం చెప్పేశాను.

కృష్ణవేణి గారు కళ్లు తుడుచుకున్నారు. "అయితే మాస్టారూ, అమ్మని ఒక్కపాలి సూపించండి. దర్శన్ చేసుకుంటాం" అన్నారు.

అడిగిందే చాలని తాళ్లు విప్పాను. నలుగురూ నాలుగు మూలలు పట్టుకున్నారు. బొంత తియ్యగానే అందరూ ఆహా అన్నారు. బీహారీ పెద్దాయన ఇది మా ముంగేర్ కోటే అని తేల్చేశాడు. ఒరియా ఆయన కాదు, గంజాంలో ఉంది, నేను పక్కనే చదువుకున్నాను అన్నాడు. వాళ్లిద్దరూ కోటను పంచుకుంటుంటే నేను గొంతు సవరించుకుని, కుడిచెయ్యి చాచి, చూపుడు వేలు గుమ్మం పక్కన పెట్టి, "ఇదిగో, మా అమ్మ" అన్నాను.

అందరూ ముందుకి వంగారు. నేనూ వంగాను. వేలు తీసి చూశాను. వేలి కింద గోడ ఉంది, శుభ్రంగా, ఇటుకకి ఇటుక అతుక్కుని. కళ్లజోడు తుడిచి చూశాను. కాన్వాసు వెనక్కి కూడా తిప్పి చూశాను. ఎందుకు తిప్పానో నన్నడక్కండి.

"ఏటండీ, ఎక్కడున్నారావిడ?" అన్నారు కృష్ణవేణి గారు మెల్లగా.

స్టూడియోకి ఫోను కొట్టాను. సొరంగం వచ్చింది. మళ్లీ కొట్టాను, ఇంకో సొరంగం. మూడోసారి దొరికాడు. "మీరే కదా మాస్టారూ, ఒక్క మచ్చ కూడా ఉండకూడదన్నారు. గుమ్మం పక్కన పెద్ద మచ్చ, అరగంట పట్టింది తియ్యడానికి" అన్నాడు. మెచ్చుకుంటానని ఆగాడు కూడా.

అమ్మని మచ్చ అన్నందుకు కోపం రావాలి. కానీ తీసెయ్యమన్నది నేను. పోయిన అమ్మని నా చేతులతో రెండోసారి పోగొట్టాననిపించింది. దీన్నిప్పుడు అక్క కొత్త కంటి ముందు ఎలా పెట్టను?

బోగీ మొత్తం నా మీద జాలిపడింది. ముంగేర్ పెద్దాయన కోట మీద తన హక్కు వదులుకున్నాడు. కృష్ణవేణి గారు పర్సులోంచి ఒక చీటీ తీసి అడ్రసు రాసిచ్చారు. "మా మరిదిగారికి పర్సుడీహ్‌లో ఫ్రేముల దుకాన్ ఉందండి. భాస్కర్ అని. పూర్వం బోర్డులు రాసీవోరు. రంగులూ కుంచెలూ అన్నీ ఉంటాయి. మీరు డ్రాయింగ్ మాస్టారే కదా? ఆలోచించండి" అన్నారు. నేను ఆలోచించడం మొదలుపెట్టాను.

టాటానగర్

స్టేషన్లో దిగి ఓవర్‌బ్రిడ్జి మెట్లెక్కుతుంటే కోట ఇనుప కమ్మీకి తగిలి, ఫ్రేము ఒక మూల విరిగింది. వేరే రోజైతే లబలబలాడేవాణ్ణి. ఆ రోజు దేవుడు పంపిన సాకులా కనిపించింది. విరిగిన ఫ్రేము అతికించాలంటే కొట్టుకి తీసుకెళ్లక తప్పదు కదా.

బయట అక్క మనవరాలు పింకీ నిలబడి ఉంది. బ్యాంకులో ఉద్యోగం చేస్తుంది. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం హిందీ వస్తుంది.

"తాతా, యే తో దర్వాజా హై!" అంది. ఇక్కడ కూడా తలుపే అయింది.

ఆటో మీద కోటను తాళ్లతో కట్టి, పట్టాల అవతల అక్క వాళ్లుండే బాగ్‌బేరా బయల్దేరాం. దారిలో ఒక మట్టి ముంత టీ తాగాం, పది రూపాయలు. తాగి ముంత పగలగొట్టడం అక్కడి పద్ధతి. మా ఇంట్లో అలాంటి ముంతలో ఆవకాయ పెట్టుకుంటాం. మనసొప్పక జేబులో వేసుకున్నాను. పింకీ ఆటోవాలాకి చూపించి నవ్వింది.

బాగ్‌బేరా

అక్క వాకిట్లోనే ఉంది. నన్ను చూడలేదు, పార్సెలు చూసింది. ఆ తర్వాత నా గడ్డం పట్టుకుని, "ముసిలోడివైపోనావు కదరా!" అంది. ఆపరేషను కాకముందు నన్ను కుర్రాడనుకునేదట. డెబ్భై నాలుగేళ్ల మనిషి, నడుం ఒంగలేదు, గొంతు తగ్గలేదు. రైల్వే యార్డు పక్కన యాభై ఏళ్లు కాపురం చేస్తే గొంతు అంతే ఉంటుంది. ఇంజన్లు అరుస్తుంటే ఆగి, అవి ఊరుకున్నాక వాక్యం అక్కడ్నుంచే అందుకుంటుంది.

హాల్లో గోడ చూశాను. కేలండర్లు తీసేసింది, ఫ్రిజ్ వంటింట్లోకి తోయించింది, గోడకి కొత్తగా ఆకుపచ్చ రంగు వేయించింది. నాలుగు మేకులు సిద్ధంగా ఉన్నాయి.

"ఇప్పు, సూద్దాం" అంది.

"ఫ్రేము విరిగిందక్కా. విరిగింది చూడకూడదు" అన్నాను. ఏ శాస్త్రంలో ఉందో నాకే తెలీదు.

"సరే, సుక్కురవారం కడదాం. ఈదిలోవోళ్లని పిలుత్తాను, కొబ్బరికాయి కొడదాం" అంది. రెండు రోజుల గడువు దొరికింది, దానితో పాటు వీధంతా సాక్షులూ దొరికారు.

భోజనంలో చేపల పులుసు పెట్టింది. చింతపండు మనదే, చేప స్వర్ణరేఖ నదిది, నూనె మాత్రం ఆవనూనె. ముక్కులోంచి నెత్తికి ఎక్కింది. "అక్కా, నువ్వుల నూనె వెయ్యవా?" అన్నాను. "ఏటి, నీ కోసం నూని మారుత్తానా? రెండు రోజులుంటే అలవాటైపోద్ది" అంది. రెండో రోజుకి నిజంగానే అలవాటైపోయింది. ఇప్పుడు ఇంట్లో మా ఆవిడ పులుసు పెడితే ఏదో తక్కువైనట్టుంటోంది. ఆ మాట పైకి అనే ధైర్యం లేదు.

పర్సుడీహ్

భాస్కర్ గారి కొట్టు బజారు మధ్యలో, ఒకపక్క బియ్యం దుకాణం, ఒకపక్క గప్‌చుప్ బండి. మనం పానీపూరీ అనేదాన్ని వాళ్లు గప్‌చుప్ అంటారు. పులుపు ఎక్కువ, తీపి అసలు ఉండదు. భాస్కర్ గారి తాతలది ఇచ్ఛాపురం. కృష్ణవేణి గారు ముందే ఫోను చేసి చెప్పారు కాబట్టి నేను నోరు తెరవక ముందే రంగుల డబ్బాలు బల్ల మీద పెట్టారు.

"కోన్సా రంగు కావాల మాస్టారూ?"

"నీడ రంగు."

"ఆవిడ మొకం ఎలాగుంటాదండి?"

"తెలీదు."

"మరి ఎలాగేత్తారు?"

అరవై ఏళ్లు రోజూ చూసిన మనిషి. తీరా కుంచె పట్టుకుంటే ముక్కు ఎలా ఉంటుందో, ఎటు ఒరిగి కూర్చునేదో ఒక్కటీ తెలియలేదు. నాకు తెలిసిందల్లా ఒక నలుపు. నాలుగు గప్‌చుప్‌లు తిని వచ్చాను. మళ్లీ కూర్చున్నాను. చివరికి చెయ్యి ఎటు పోతే అటు పోనిచ్చాను. గుమ్మం పక్కన బొటనవేలంత ఆడమనిషి వచ్చింది. ఒక మోకాలు పైకి పెట్టుకుని, దాని మీద మోచెయ్యి ఆన్చి, అరచేతిలో గడ్డం పెట్టుకుని కూర్చుంది. పక్కన బుట్ట.

భాస్కర్ గారు నాలుగడుగులు వెనక్కెళ్లి చూసి, "పక్కా! ఎనభై ఏళ్ల కింద నుంచీ అక్కడే కూకున్నట్టుంది" అన్నారు. ఫ్రేము మూల అతికిస్తూ, డబ్బులు తీసుకోనన్నారు. అమ్మ పనికి తీసుకోరట. నాకు మాత్రం దొంగసొత్తు మోసుకెళ్తున్నట్టే ఉంది.

ఆకుపచ్చ గోడ

శుక్రవారం పొద్దున్న పదింటికి హాలు నిండిపోయింది. పక్కింటి పంజాబీ ఆవిడ, ఎదురింటి ఒరియా కుటుంబం, వీధిలో ఉన్న తెలుగువాళ్లు, కొబ్బరికాయతో పింకీ. కోటను మేకులకి తగిలించి బొంత లాగాం. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క కొట్టలేదు. చీర చెంగుతో కంటద్దాలు తుడుచుకుని, నేరుగా కుడివైపు మూలకి నడిచింది. ముక్కు కాన్వాసుకి తగిలేంత దగ్గరికెళ్లింది.

చాలాసేపు చూసింది. బయట యార్డులో ఇంజను అరిచి ఊరుకుంది.

"ఒరే అప్పారావా, ఇదెవర్తిరా?"

"అమ్మ."

"అమ్మేటి! ఈడ అమ్మ ఎప్పుడుందిరా?"

నేను తడబడ్డాను. స్టూడియో, మచ్చ, సొరంగాలు, భాస్కర్ గారి రంగులు, అన్నీ వరస తప్పి బయటికొచ్చేశాయి. తప్పయిపోయిందక్కా, అమ్మని తుడిచేశాను అన్నాను. అరవై ఆరేళ్ల మొగాణ్ణి, వీధంతా చూస్తుండగా ఏడ్చేశాను.

అక్క నా వైపు వింతగా చూసింది. తర్వాత పక్కనున్న కుర్చీలో కూలబడింది. ఒళ్లంతా కదిలిపోతోంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"మచ్చేరా అది! నిజం మచ్చే. అమ్మ ఏనాడూ ఆ కోట కాడికి ఎల్నేదు. నువ్వు అమ్మేదీ, అమ్మేదీ అని గుక్కెట్టి ఏడిసీవోడివి. ఓ రోజు నీకు దిట్టిసుక్క ఎడతన్నాను. ఏలికి కాటిక ఉంది. అదే ఏలు ఫొటో మీద ఎట్టీసి, అదిగో అమ్మ అన్నాను. టక్కుమని ఊరుకున్నావు. ఇంక మరి రోజూ అదే సెప్పాల్సొచ్చింది."

పంజాబీ ఆవిడకి పింకీ చెవిలో హిందీలో చెబుతోంది.

"మరి పెళ్లప్పుడు ఫొటో ఎందుకడిగావు?"

"బొమ్మలేసీవోడివి కదరా. పెద్దోడివై కన్నెట్టి సూత్తే తెలిసిపోద్ది, మళ్లీ ఏడుత్తావని. అట్టుకెల్లిపోదామంటే అటకెక్కేసినావు."

"ఇప్పుడెందుకు తెమ్మన్నావు?"

"కన్నొచ్చింది కదా. నా సుక్క ఇంకా ఉందో నేదో సూసుకుందామని" అంది. అని మళ్లీ లేచి, నేను వేసిన బొమ్మ దగ్గరికెళ్లింది. "ఇదెవర్తో గానీ, అచ్చం నాలాగే కూకుంది."

పింకీ దగ్గరికొచ్చి చూసింది. "దాదీ, యే తో ఆప్ హీ హో!" అంది. నువ్వే నానమ్మా అని.

నేనూ చూశాను. పైకి పెట్టుకున్న మోకాలు, దాని మీద మోచెయ్యి, అరచేతిలో గడ్డం. నేను బడి నుంచి వచ్చేదాకా మా ఇంటి గుమ్మంలో అక్క అలాగే కూర్చునేది. నా చేతికి వేరే అమ్మ తెలియదు. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. ఏది ముందో చెప్పలేను. పింకీ టప్పున కొబ్బరికాయ కొట్టింది. ఎదురింటి ఒరియా పెద్దాయన చిప్ప అందుకుంటూ, ఇంతకీ కోట గంజాందేనా అని అడిగాడు.

శ్రీకాకుళం

తిరిగొచ్చాక ముందు స్టూడియోకి వెళ్లాను. సొరుగులోంచి పాత ఫొటో తీసి ఇచ్చాడు. భూతద్దం అడిగి తీసుకున్నాను. ఈసారి చూడాల్సిన చోట చూశాను. కొప్పు లేదు, కమ్మలు లేవు, బుట్టా లేదు. ఆముదం కాటుక అట్టలోకి ఇంకి, చుట్టూ నూనె మరక పాకింది. నడుమ సన్నటి గీతలున్నాయి, గుండ్రంగా, ఒకదాని లోపల ఒకటి. పదేళ్ల పిల్ల వేలి కొన ఇంతే ఉంటుందా అనిపించింది. నన్ను చంకనేసుకుని తిరిగిన చెయ్యి అంత చిన్నదని ఎప్పుడూ అనుకోలేదు.

నేను కళ్లు ఒత్తుకోవడం చూసి స్టూడియో ఆయన కంగారుపడ్డాడు. మచ్చ చూసి బాధపడుతున్నాననుకున్నాడు పాపం. సీసాలోంచి ఏదో ద్రావకం దూదికి అద్దుకుంటూ, "ఇవ్వండి మాస్టారూ, దీని మీదది కూడా రెండు నిమిషాల్లో తీసేస్తాను" అన్నాడు.

ముట్టుకుంటే చెయ్యి విరిచేస్తానన్నాను.